శొంఠి

ఈ ఇంట్లో దాని పేరు జింజర్.
జింజరంటే అల్లమని సాల్మియా అంగట్లో
అట్టముక్క మీద చూసినా.
జూన్ ఎండకు బాల్కనీ బండ మీద
అది ఒక కాలు పెట్టి వెనక్కు తీసిన తీరు చూసి
అల్లం ఎండితే ఏమైతాది,
శొంఠి కదా, అన్నా.
తోకతో ఒప్పుకుంది.
ఇప్పుడు రెండు పేర్లకూ పలుకుతుంది.
బిస్కెట్టు ఏ పేరుతో వస్తే ఆ పేరు దానిది.

ఎండకాలం దానికి బూట్లు. నాలుగు. నీలంవి.
(నాకు ఒకటే జత చెప్పులు, అది వేరే సంగతి.)
మగ్రిబ్ నమాజు పిలుపు వినపడగానే
బీరువా అడుగు నుంచి ఒక్కోటే తెచ్చి
తలుపు దగ్గర పెడుతుంది.
గడియారం చదువుకోలేదు,
నేల ఎప్పుడు కాలదో చదువుకుంది.
గాలిదుమ్ము లేచిన రోజు మాత్రం
మూడే తెస్తుంది.
నాలుగోది ఇల్లంతా వెతికినా దొరకదు.
దుమ్ము తగ్గినాక అదే తెచ్చిస్తుంది,
దొంగను పట్టుకున్న పోలీసు మాదిరి.

ఒకసారి ఖర్జూరపు ముల్లు గుచ్చుకుంది,
ముందుకాలికి, ఎడమది.
మదాం ఒళ్లో పెట్టుకుని చీజు తినిపించింది.
అప్పటినుంచి చీజు డబ్బా మూత చప్పుడైతే చాలు
కుంటుతుంది.
అప్పుడప్పుడు కుడికాలు.
"ఏం మే, ముల్లు ఇల్లు మారిందా?"
నా వైపు చూడదు.
సాక్షి కళ్లల్లోకి చూడకూడదని తెలుసు.

స్నానం సంగతి.
'నీళ్లు' అంటే మంచం కిందికి.
మాట మార్చి 'గంగ' అన్నా. మూడు రోజులు నడిచింది.
'ఆ పని' అన్నా. ఒక్కరోజు.
ఇప్పుడు నేనేమీ అనను.
మనసులో అనుకుని తువ్వాలు వైపు తిరిగేలోగా
మంచం కింద రెండు కళ్లు.

రోజూ పదకొండుకు
సోఫా కిందికి బంతి పోతుంది.
పాపం, అందదు. మూలుగుతుంది.
పొయ్యి తగ్గించి, చీపురు తెచ్చి,
నేలకు చెంప ఆనించి లాగుతా.
ఇట్లా నాలుగు నెలలు.
ఒకరోజు ఓవెన్ అద్దంలో చూసినా:
అటూ ఇటూ చూసి
బంతిని ముక్కుతో మెల్లగా లోపలికి తోసి
కూర్చుని, గొంతు సవరించుకుని
మొదలుపెట్టింది.
దానికి కావాల్సింది నేను
నేల మీదికి రావడం.
తన ఎత్తుకు.
తెలిసినాక కూడా పోతూనే ఉన్నా.
సోఫా కింద చల్లగా ఉంటుంది.

మొన్న గురువారం రాత్రి
మదాం చుట్టాలు వచ్చినారు, బీరూట్ నుంచి.
"సిట్" అంది మదాం.
శొంఠి దీపాల గుత్తి వైపు చూసింది.
అరబీలో చెప్పింది. ఆవులింత.
ఫ్రెంచిలో బతిమాలింది. చెవి గోక్కుంది.
"రెదమ్మా, నువ్వు చెప్పు!"
చేతుల నిండా పిండితో గడప దగ్గర నిలబడినా.
మూడేళ్లుగా ఆ హాల్లో
ఎస్ మదాం, ఖలాస్ మదాం తప్ప
నా నోట్లోంచి ఇంకో మాట రాలేదు.

"కూర్చో మే."
కూర్చుంది.
"చెయ్యియ్యి."
ఇచ్చింది.
"పెద్దమనిషి మాదిరి పండుకో."
వెల్లకిలా, కాలు మీద కాలు.
చప్పట్లు కొట్టినారు. ఎవరికో తెలీదు.
ఇదే భాష, అన్నాడు ఒకాయన.
మదాం నా వైపు చూసింది. ఆమెకూ తెలీదు.
శొంఠికి తెలుసు, చెప్పలేదు.
"తెలుగు" అన్నా. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది.

ఈ పొద్దున అన్నం వారుస్తుంటే
హాల్లో గుసగుస.
"కుచ్చో... కుర్చొ..."
శొంఠి తల ఈ పక్కకు. ఆ పక్కకు.
దీర్ఘం సరిగ్గా పడినాకే కూర్చుంది.

పదకొండైంది. మూలుగు.
చీపురు తీసుకుని పోయేసరికి
నేలకు చెంప ఆనించి మదాం,
సోఫా కింద భుజం దాకా చెయ్యి పెట్టి.
పక్కన శొంఠి.
తిరిగి నా వైపు చూసింది, ఒక్క చూపు,
సాక్షి సంగతి మరిచిపోయి.